సోమశిల ఒడ్డున ఒంటిచేతి గాలం

ఈ ప్రయాణం చేపల మీద మోజుతో మొదలు కాలేదు. మా తమ్ముడు సామ్యేలు యుద్ధం నుంచి కుడి చెయ్యి మణికట్టు దాకా పోగొట్టుకొని వచ్చాడు. వచ్చి ఏడాది దాటినా ఎవరి ముందూ అన్నం తినలేదు. ఎడమ చేత్తో తినేవాణ్ణి మన ఇళ్లలో ఎట్లా చూస్తారో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ కంచం గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేసేది. కాసేపటికి ఖాళీ కంచం గడప బయటికి వచ్చేది. పాలమూరులో నేను పాఠాలు చెప్పే మిషన్ బడిలో, మగపిల్లల హాస్టలుకు వార్డెన్ కావాలన్నారు. వాడు చేయగల పనే. కానీ వార్డెన్ రెండుపూటలా పిల్లలతో పంక్తిలో కూర్చొని తినాలి. "గా పని నాతోని కాదక్కా" అన్నాడు. సోమవారం నాటికి జవాబు చెప్పాలి. మా నాయిన కాలంలో మమ్మల్ని పంక్తిలో ఎవరూ కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు కూర్చోమంటుంటే తమ్ముడు తనంతట తానే లేచిపోతున్నాడు. నాకు అదే మింగుడుపడలేదు.

యుద్ధానికి ముందు వాడు మిషన్ దవాఖానలో కాంపౌండరు. అక్కడి డాక్టరు దొర సెలవు దొరికితే కృష్ణకు పోయేవాడు. వీణ్ణి వెంట తీసుకుపోయి ఫ్లై ఫిషింగ్ నేర్పాడు. ఆ పద్ధతిలో ఎర్ర ఉండదు, బెండు ఉండదు. కొక్కెం చుట్టూ కోడి ఈకలూ పట్టుదారమూ చుట్టి పురుగులా చేస్తారు. ఆ పురుగుకు బరువు లేదు కాబట్టి లావుపాటి దారాన్నే కొరడాలా వెనక్కీ ముందుకూ ఝళిపించి నీటిమీద వాల్చాలి. సామ్యేలు దాన్ని ఈగ గాలం అంటాడు. కర్ర ఒక చేతికి, దారం ఇంకో చేతికి పని. అందుకే తిరిగి వచ్చాక పాత గాలం దూలానికి ఎక్కించేశాడు.

యుద్ధం ముగిసి ఇంగ్లండు నుంచి సీమ సరుకు మళ్లీ దిగుతోంది. దసరా సెలవుల్లో సికింద్రాబాదులో ఆటసామాన్ల దుకాణంలో గాలం దారం చుట్టే ఒక కొత్త చక్రం చూశాను. లోపల గడియారంలో ఉన్నట్టు స్ప్రింగు ఉంటుంది. దారం బయటికి లాగుతుంటే స్ప్రింగు బిగుస్తుంది, చిటికెన వేలితో మీట నొక్కితే దారం దానంతట అదే చుట్టుకుంటుంది. రెండో చేతితో పనిలేదు. దానితోపాటు వెదురు చీలికలు అతికించి చేసిన తేలికపాటి కర్ర, మూడు ముక్కలుగా విడదీసుకోవచ్చు. దారం చివర కట్టడానికి నైలాన్ పోగు. పాతరోజుల పట్టుపురుగు పేగులా దీన్ని పొద్దున్నే నానబెట్టుకోనక్కర్లేదు, కానీ నున్నగా ఉండి ముడి జారుతుంది. ముడిని తడిపి, ఒక చుట్టు ఎక్కువ తిప్పి బిగించాలి. కర్ర మొదలు ఆనించుకోవడానికి నడుముకు తోలుపట్టీ, దానికి ఒక చిన్న గిన్నె పాలమూరులోనే చెప్పులు కుట్టే ఆయనతో చేయించాను. అన్నీ కలిపి నా నెల జీతం దాటింది. కొన్నాక ఇంటిదాకా ఒకటే ఆలోచన: వాడు అడిగాడా ఇవన్నీ? నా బాధ తీరడానికే కొన్నానేమో.

ఒక్కసారి వేసి చూడమని బతిమాలితే ఒప్పుకున్నాడు. శుక్రవారం పొద్దున పాలమూరులో బస్సెక్కాం. నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్‌కు నిజాం హాలీ నాణెంలో రూపాయిన్నర కిరాయి. పెట్రోలు ఇంకా సరిగా దొరకడం లేదు, బస్సు వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడుపుతున్నారు. మిట్ట రాగానే డ్రైవరు అందరినీ దింపాడు. "గిది బొగ్గు తింటది, నీళ్లు తాగుతది, మిట్ట రాంగనే మనుషుల్ని తొయ్యమంటది. అల్లుని కన్న ఎక్కువైంది నాకు" అని నిట్టూర్చాడు. సామ్యేలు కూడా భుజం ఆనించి తోశాడు. నాగర్‌కర్నూల్‌లో బస్సు అరగంట ఆగితే అందరూ హోటల్లో రొట్టె తిన్నారు. వాడు మాత్రం ఆకలి లేదని బస్సులోనే ఉండిపోయాడు. మధ్యాహ్నానికి కొల్లాపూర్ చేరి ముసాఫిర్ బంగ్లాలో దిగాం. అక్కడ కూడా వాడి అన్నం వాడి గదిలోకే పోయింది.

కొల్లాపూర్ నుంచి సోమశిల ఆరేడు మైళ్లు, బండి దారి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ రాకముందే నదికి చేరవచ్చు. చలికాలంలో కృష్ణ సన్నబడి, నల్లరాళ్ల మధ్య పాయలుగా పారుతుంది. రాళ్ల వెనక మడుగుల్లో నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉంటాయి. శనివారం మేం పోయేసరికి ఒడ్డున లింగయ్య అనే బెస్తాయన తన పుట్టిని, ఆ గుండ్రటి బుట్ట పడవను, బోర్లించి పూసిన తారు ఆరిందో లేదో చూస్తున్నాడు. ఆయన భార్య ఎల్లమ్మ చిరిగిన వల ముందేసుకొని కూర్చుంది. పుట్టికి పగటి కిరాయి ఎనిమిదణాలకు ఒప్పుకున్నారు.

తమ్ముడు కర్ర ముక్కలు విప్పి మోకాళ్ల మధ్య పెట్టుకొని జోడించాడు. పోగుకు ముడి వేయడానికి నేను చెయ్యి చాచేలోపే పళ్లతో బిగించేశాడు. లింగయ్య ఈకల డబ్బాలోకి తొంగిచూశాడు.

"ఎర్ర లేదు, బెండు లేదు. కోడీకను జూసి చేప ఎట్ల మోసపోతది?"

"నీళ్లల్లకెళ్లి జూస్తే అది ఈక లెక్క కనవడదు లింగన్నా."

"నువ్వు నీళ్లల్లకెళ్లి జూసినవా?"

సామ్యేలు నవ్వబోయి ఆగాడు. వాడి ముఖంలో నవ్వు అంతవరకు రావడం చూసి కూడా చాలా కాలమైంది.

పుట్టిలో పోయి ఒక రాతి మీదికి దిగి, దారం పళ్లతో లాగి, ఎడమ చేత్తో విసరడం మొదలుపెట్టాడు. మొదట్లో దారం వాడి మెడకే చుట్టుకునేది. నేను పుట్టిలోంచి లేవబోతే లింగయ్య తెడ్డు అడ్డం పెట్టాడు. "నువ్వు లేస్తే పుట్టి బోర్ల పడ్తది, కూసో పంతులమ్మా." కూర్చున్నాను. ఎండ కాస్త ఎక్కాక దారం తిన్నగా పోవడం మొదలైంది. ఒక పెద్ద చేప ఈగను అందుకొని మడుగు దాటి పరుగెత్తింది. చక్రం కిర్రుమని ఆగిపోయింది, పోగు పుటుక్కున తెగింది. దుకాణంలో చెప్పారని స్ప్రింగును ఇంటి దగ్గరే నిండా బిగించి తెచ్చాం. చేప లాగేసరికి ఇంకా బిగియడానికి దానిలో చోటు లేదు. కొత్తగా కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: నీటి దగ్గరికి పోయేటప్పుడు స్ప్రింగు వదులుగా ఉండాలి. తమ్ముడు రాతిమీద కూలబడ్డాడు. ఇంక చాలు, పోదామంటాడనుకున్నాను. లేచి, స్ప్రింగు వదులు చేసి, కొత్త ఈగ కట్టాడు.

పొద్దు నడినెత్తి దాటాక ఇంకొకటి పడింది. ఈసారి చేప పోయినంతసేపు పోనిచ్చి, అలసినప్పుడల్లా మీట నొక్కాడు. తెగిన చేతి ముంజేతిని కర్రకు అడ్డంగా ఆనించి పట్టాడు. ఎప్పుడూ గుడ్డ చుట్టి దాచే ఆ ముంజేతిని వెలుతురులో నేను చూడడం అదే మొదటిసారి. లింగయ్య చేతివల కిందకు పెట్టి ఎత్తాడు. పసుపుపచ్చని పెద్ద పొలుసులు, రెండు సేర్ల పైన తూగే చేప. దొరలు మహసీర్ అనేది ఇదే. అమ్మకు చూపించాలని నేను తడిగుడ్డలో చుట్టబోయాను.

"కొత్త గాలమేనా ఇది? ఇంతకుముందు ఎక్కడన్న వేసిండ్రా?" అన్నాడు లింగయ్య.

"ఇదే మొదలు" అన్నాను.

"గట్లయితే ఇంటికి తీస్కపోయేది లేదు. కొత్త వలకైనా, గాలానికైనా పడ్డ మొదటి చేప ఒడ్డుమీదనే ఉడకాలె. ఒడ్డున ఎవరున్నా తినాలె. పట్టినోడు మొదటి ముద్ద తిన్నంక తక్కినోళ్లు ముట్టాలె. లేకుంటే గంగమ్మ మళ్ల ఇయ్యదు."

మేం ఎవరిమో, మా తాతలు ఊరికి ఏ పక్కన ఉండేవాళ్లో చెప్పేశాను. తర్వాత తెలిసి వాళ్లు బాధపడడం కన్నా అది నయమనిపించింది. లింగయ్య భార్య వైపు చూశాడు. "ఊళ్లె అయితే గదొక లెక్క" అంది ఎల్లమ్మ, వల పక్కన పెడుతూ. "మొదటి చేపకు ఆ లెక్క లేదు. మా అత్త కాలంనించి గంతే." ఊళ్లో ఉన్న లెక్కను ఆమె దాచలేదు.

మూడు రాళ్ల మీద పులుసు ఉడికింది. వాళ్ల దగ్గర జొన్నరవ్వతో వండిన గట్క ఉంది. మోదుగాకుల్లో వడ్డించి నలుగురం కూర్చున్నాం. ఎవరూ ముట్టలేదు.

"నాకు ఆకలి లేదు. మీరు తినుండ్రి" అన్నాడు సామ్యేలు.

"నీకు లేదు, సరే. మాకుంది" అంది ఎల్లమ్మ.

వాడు తల వంచుకున్నాడు. పులుసు మీద ఆవిరి తగ్గిపోతోంది. లింగయ్య చేతులు ఒళ్లో పెట్టుకొని నది వైపు చూస్తున్నాడు. నాకు ఓపిక చాలక ముద్ద కలిపి వాడి నోటి దగ్గరికి తీసుకుపోయాను. ఎల్లమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వెందుకు? చేపను నువ్వు పట్టినవా?"

"వానికి చెయ్యి..." అన్నాను.

"చెయ్యి లేకుండనే పట్టిండా?"

"నాకున్నది ఎడమ చెయ్యి అవ్వా" అన్నాడు తమ్ముడు. ఆ మాట వాడు పైకి అనగా ఇంతకుముందు నేను వినలేదు.

"కనవడ్తనే ఉంది. పట్టింది గా చెయ్యే గద? నేనేమన్న పెండ్లి చేస్తున్ననా మర్యాదలు జూడనీకి? జల్ది తిను, పొద్దటినుంచి గంజి నీళ్లు తప్ప తాగలే నేను."

వాడు లేచి నదిలో చెయ్యి కడిగాడు. చాలాసేపు కడిగాడు. తిరిగి వచ్చి కూర్చొని, ఎడమ చేత్తో చిన్న ముద్ద తీసి, ముల్లు ఏరి, నోట్లో పెట్టుకున్నాడు. అంతే, వాళ్లిద్దరూ ఆకుల మీదికి వంగారు. వాణ్ణి ఎవరూ చూడలేదు. ఆకలి మీద ఉన్నారు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు లింగయ్య.

"ఉన్నదంత వేసిన. మీరొస్తరని నాకు కలొచ్చిందా?"

"అవునవ్వా, తక్కువే అయింది" అన్నాడు సామ్యేలు, రెండో ముద్ద కలుపుతూ.

ఆదివారం పొద్దుగూకేవేళకు ఇల్లు చేరాం. అమ్మ అలవాటుగా కంచం గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేసింది. తమ్ముడు కంచం పట్టుకొని బయటికి వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. అమ్మ గరిటె పట్టుకొని నిలబడిపోయింది. "కూర ఇంకింత వెయ్యమ్మా" అన్నాడు. వేసింది. సోమవారం బడికి నాతోపాటు వచ్చాడు. ఇప్పుడు హాస్టలు పంక్తిలో చివర కూర్చుంటాడు. ఒక్కోరోజు కంచంతో లేచిపోవాలనిపిస్తుందని నాతో అన్నాడు. లేచాడో లేదో నేను అడగను. ఇది స్ప్రింగు చక్రం చేసిన మేలా, ఇద్దరు ఆకలిగొన్న మనుషులు చేసిన మేలా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఏడాదిపాటు మేమందరం వాడి ముందు మెల్లగా మాట్లాడాం, తలుపులు చప్పుడు కాకుండా వేశాం. అది ప్రేమే. కానీ ఆ తలుపు బిగుసుకోవడంలో మా చేతులు కూడా ఉన్నాయేమో.

కొత్త గాలంతో సోమశిలకు పోయేవాళ్లకు ఒక్క మాట. ఈగలు, పోగులు తక్కువైనా ఫరవాలేదు, సంచిలో ఉప్పు, కారం, చింతపండు నలుగురికి సరిపడా పెట్టుకోండి. మొదటి చేప ఇంటికి రాదు.