నూనె లేని బజ్జీ, లైటు లేని మగ్గం

మా నాయన గుండెలో స్టెంటు వేసిన హిందూపురం డాక్టరు, నూనె వైపు కన్నెత్తి కూడా చూడొద్దన్నాడు. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, దాని పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పడకపోతే ధర్మవరంలో సూర్యుడు పైకి రాడని యాభై ఏళ్లుగా నమ్మిన మనిషి ఆయన. గది బయటి బెంచీ మీద కూలబడి నన్నడిగాడు: "ఈ స్ప్రింగు ఏసింది బతికేదానికా, సచ్చేదానికా?"

నాకు జాలి వేసింది. జాలి వేస్తే నేను ఏదో ఒకటి కొంటాను. ఆ ఊరి బజారులోనే ఎయిర్ ఫ్రయర్ కొన్నాను. "దుడ్లు ఒక్కసారే సార్, నూనె జన్మంతా మిగులు" అన్నాడు కొట్టాయన. నేనే అబద్ధాల కోరుననుకుంటే, నాకు గురువులు హిందూపురంలో ఉన్నారు.

బస్సులో ఆ అట్టపెట్టె నా ఒళ్లో కూర్చుంది. నేను దాని వెనక కూర్చున్నాను. పెనుకొండలో ఎక్కిన ఒక అవ్వ దాన్ని చాలాసేపు చూసి, "ఏమప్పా, దాంట్లో ఏముండాది?" అంది.

"నూనె లేకుండా బజ్జీలు చేసే మిషనవ్వా."

"నూనె లేకుండా బజ్జీనా? నీళ్లు లేకుండా తానం చేపించే మిషను కూడా అమ్ముతాండారా?"

బస్సు నవ్వింది. మా నాయన నవ్వలేదు. కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగి, "కరెంటు ఎంత తాగుతాదప్పా ఇది?" అన్నాడు.

అంతమంది చెవులు నా నోటి వైపు తిరిగి ఉండగా మామూలు జవాబు చెప్పడం నా వల్ల కాదు. "దీన్ని ఆన్ చేస్తే పెనుకొండ లైట్లన్నీ డిమ్మయిపోతాయి నాయనా. మన మగ్గం కాడి లైటు ఏడాది తాగేది ఇది ఒక్క వాయికే తాగుతాది" అన్నాను. బస్సు మళ్లీ నవ్వింది. నాకు అది చాలు. నేనన్నది ఇంటికి చేరేలోపే మర్చిపోయాను.

నాయన మర్చిపోలేదు. ఆయన పట్టుపోగులను వేలికొసతో లెక్కపెట్టే మనిషి. ఒక పోగు అటో ఇటో అయితే చీరే పోతుంది. అలాంటి మనిషి దగ్గర ఒక పిడికెడు మాటను బస్తా చేసి చెబితే, ఆయన బస్తానే మోస్తాడు.

అప్పుడు మగ్గం మీద మెరూన్ చీర సగానికి వచ్చి ఉంది. పట్టు, జరీ ఇచ్చి కూలికి నేయించుకునే సావుకారి ముందే చెప్పేశాడు: "పెద్దాయనా, నీకు వయసు మీద పడుతాంది. ఈ చీర మచ్చ లేకుండా వస్తే మగ్గానికి ఎక్కించేదానికి ఇంకో వార్పు ఇస్తా. లేకపోతే మగ్గం ఎత్తేసి సుఖంగా ఉండు." మా వీధిలో ఒకప్పుడు మగ్గాల చప్పుడుకు కాకులు కూడా గొంతు పెంచి అరిచేవి. ఇప్పుడు మిగిలింది, గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మా గుంట మగ్గం ఒక్కటే. ఆ సుఖం అనే మాట వినబడినప్పుడల్లా నాయన గుంటలో ఇంకాస్త కిందికి కూర్చునేవాడు.

మొదటి రోజు బజ్జీలు పెట్టాం. పిండి జాలీలోంచి కిందికి కారిపోయి, మిరపకాయలు ఒంటి మీద నూలుపోగు లేకుండా బయటికొచ్చాయి. మా ఆవిడ వాటిని పళ్లెంలో పెట్టుకొచ్చి, "మామా, బజ్జీలు చొక్కా ఇప్పేసి వచ్చినాయి, ఏమనుకోవద్దు" అంది. నాయన ఒకటి తిని, "బాగుండాది" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికో, బాధకో చెప్పడం కష్టం.

మా ఆవిడ పట్టుదల గల మనిషి. వడలను బిళ్లలుగా తట్టి, శెనక్కాయలు వేయించి, రోజూ ఆ డబ్బాను తిప్పసాగింది. మా మీటరు మగ్గం గదికి ఎదురుగా, వసారా గోడ మీద ఉంటుంది. మామూలుగా దాని ఎర్రచుక్క సోమరిగా కన్ను కొడుతుంది. డబ్బా తిరగ్గానే పూనకం వచ్చినట్టు కొట్టుకునేది. నాయన పోగును అటూ ఇటూ మోసే నాడె ఆపి దాన్నే చూసేవాడు. "నా గుండె కన్నా దానికే రోగం ఎక్కువగా ఉండాది" అన్నాడొకసారి.

చేనేత ఇళ్లకు కొన్ని యూనిట్ల దాకా కరెంటు ఉచితం. మాకు సున్నా బిల్లు వచ్చేది. నాయనకు అది బిల్లు కాదు, నువ్వింకా నేతగాడివేనని నెలనెలా ఇంటికొచ్చి చెప్పే కాగితం. ఈ డబ్బా దాన్ని మింగేస్తుందని ఆయన భయం. అందుకని మగ్గం మీది లైటు ఆర్పేసి నేయసాగాడు.

మా మగ్గం గదికి ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడకు తెరుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో సాయంత్రమే. నేను స్విచ్చి వేస్తే ఆయన తీసేవాడు.

"నాయనా, నేను బస్సులో ఊరికే అన్నా."

"నువ్వు ఊరికే అనింటావు. మీటరు ఊరికే అనదు గదప్పా. ఆడ చూడు, ఎట్ల ఎగురుతాందో! కోడలు నా కోసమే చేస్తాండాది, వద్దనలేను. అది తాగేది తాగనీ, నేను మానేది మానుకుంటా."

గట్టిగా వాదించి ఉండాల్సింది. వాదించలేదు. టీ కొట్టుకు పోయి, మా నాయనకు వడల మిషనుకు మధ్య యుద్ధం జరుగుతోందని, ఇంకో వారంలో మా ఇంటికి మిలిటరీ వస్తుందని చెప్పాను. బాగా నవ్వారు. వారమంతా అదే చెప్పాను, రోజుకో ఫిరంగి కలిపి.

చీర అయిపోయింది. ఇవ్వడానికి నాయనతో నేనూ పోయాను. సావుకారి తెల్ల పరుపు మీద, ట్యూబులైటు కింద విప్పి పరిచాడు. నడిమధ్యలో రెండు జానల మేర మెరూన్ లేదు. కాఫీపొడి రంగు. పక్క బుట్టలోని వేరే రంగు పోగు చుట్టిన కండె ఆ చీకట్లో నాడెలోకి ఎక్కింది, ఆయన దాన్ని చివరిదాకా నేశాడు. సావుకారి తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ రంగు కండె యాడిది పెద్దాయనా?" అన్నాడు మెల్లగా. "మగ్గం కాడ లైటుండాది గదా?"

నాయన ఆ రెండు జానలను వేలితో తడిమి చూశాడు. పోగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు వేలికి దొరికేది కాదు.

"ఉండాది" అన్నాడు.

నా పేరు ఎత్తలేదు. డబ్బా పేరూ ఎత్తలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి, జీవితంలో మొదటిసారి ఒక విషయాన్ని దాని సైజులోనే కొలిచాను. డబ్బా ఒక వాయికి తాగేది అర యూనిట్. మగ్గం మీది చిన్న ఎల్‌ఈడీ లైటు అంత తాగాలంటే రెండు రోజులకు పైగా ఆర్పకుండా వెలగాలి. రోజంతా లైటార్పి ఆయన మిగిల్చింది పావలా కూడా కాదు.

మళ్లీ వార్పు రాలేదు. మగ్గం విప్పి కట్టెలు గోడకు చేర్చాం. గుంట మీద పలకలు పరిచాం. వంటింట్లో చోటు లేదని మా ఆవిడ ఎయిర్ ఫ్రయర్‌ను తెచ్చి ఆ పలకల మీదే పెట్టింది. నాయన వసారాలో కూర్చుంటాడు. వడ ఇస్తే తింటాడు, ఇవ్వకపోతే అడగడు.

మగ్గం లేని ఇంటికి ఉచితం ఏముంటుంది? కొన్నాళ్లకు సున్నా లేని బిల్లు వచ్చింది. నాయన దాన్ని కిందికీ మీదికీ చూశాడు. కాగితం మడిచి, ఇంకా మడిచి, నాకిచ్చాడు.

"ఏమప్పా, ఆ దినాల్లో నేను లైటు ఏసుకునే నేసింటే, కరెంటు శానా అయ్యుండేదా?"

నిజం నా నాలుక మీదే ఉంది. రోజుకు పావలా.

"శానా అయ్యుండేది నాయనా," అన్నాను. "ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చుండేది."

ఆయన తల ఊపాడు. వసారా గోడ మీద ఎర్రచుక్క తీరిగ్గా కన్ను కొడుతూ ఉంది.