గురువారం మీట

బురుల్ ఎజె దగ్గర కోడ్ రాయడం నేర్చుకోవాలంటే ముందు యాభై టంకాలు వేయాలి. కంప్యూటర్ ముట్టుకోవడం ఆ తర్వాతే. యాభైలో ఒక్కటి ఊడి చేతికొచ్చినా మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఎజె అంటే అక్క; అలా పిలిచే పిల్లలు సణిగితే ఆమె చెప్పే మాట ఒకటే. "తీగ ఊడిపోయాక నువ్వు రాసింది ఎవడు చదువుతాడ్రా?"

బిష్కెక్ శివార్లో, పెద్ద బజారు వెనక పుట్టుకొచ్చిన మట్టి ఇళ్ల మధ్య ఆమె బడి. బడి అంటే ఓ ఇనుప కంటైనర్. పదిహేడేళ్లు అందులోనే మేజోళ్లు అమ్మింది. అంతకుముందు రేడియో ఫ్యాక్టరీలో టంకాలు వేసేది. ఫ్యాక్టరీ మూతపడింది, మోకాళ్లు అరిగి బజారూ మానుకుంది, చేతులు మాత్రం ఊరుకోలేదు. యాభై ఆరో ఏట మేనల్లుడి పాత కంప్యూటర్ ముందు కూర్చుని, వాడు నవ్వుతున్నా సిగ్గుపడకుండా కోడ్ నేర్చుకుంది. ఇప్పుడు బజారులో బండ్లు తోసేవాళ్ల పిల్లలు, వీధులు ఊడ్చేవాళ్ల పిల్లలు పదకొండు మంది ఆమె దగ్గర నేర్చుకుంటున్నారు. ఫీజు లేదు. తిట్లు మాత్రం పుష్కలం.

ఈ చలికాలం ఆ పదకొండు మందీ పదకొండు అలారాలు చేశారు. ఆ కాలనీలో ప్రతి ఇంటికీ బొగ్గు పొయ్యే దిక్కు. నిప్పులు ఆరకముందే పొగగొట్టంలోని అడ్డురేకు మూసేస్తే ఇల్లు తెల్లారేదాకా వెచ్చగా ఉంటుంది. మూసినవాళ్లు తెల్లారేదాకా ఉంటారా అన్నదే సంగతి. బొగ్గు గాలికి రంగు లేదు, వాసన లేదు. ఏటా ఒకరినో ఇద్దరినో పట్టుకుపోతుంది. బురుల్ భర్త కుబాత్ పోయింది కూడా అలాగేనని కాలనీలో అందరికీ తెలుసు. అందుకే ఆమె పిల్లలకి బొమ్మ కార్లూ రంగు దీపాలూ కాకుండా అలారాలే నేర్పింది. ఎవరిది వాళ్ల ఇంట్లోనే బిగించాలని పట్టుబట్టింది.

పది రోజులకి చూస్తే పదకొండింట్లో తొమ్మిది మూగబోయాయి. ఇళ్లల్లో పెద్దవాళ్లు బ్యాటరీలు పీకేశారు.

"ఎందుకు పీకారు?" అని బురుల్ క్లాసులో గద్దించింది.

పద్నాలుగేళ్ల బక్తిగుల్ నోరు విప్పింది. టంకాల్లో అందరికంటే నెమ్మది, కోడ్‌లో అందరికంటే ముందు ఆ పిల్లే. "గురువారం వల్ల, ఎజె."

బురుల్ కుర్చీలో కూలబడింది. గురువారం ప్రతి ఇంట్లో నూనె కాచి బోర్సోక్ వేయిస్తారు. పిండి ముక్కలు వేగే ఆ వాసనే పోయినవాళ్లకి అందుతుంది, వాళ్ల పేర్లు తలుచుకుంటే వాళ్ల కడుపు నిండుతుంది. చవక సెన్సర్‌కి మాత్రం నూనె పొగకీ బొగ్గు గాలికీ తేడా తెలీదు. కుబాత్ కోసం తనూ ప్రతి గురువారం వేయిస్తుంది. అయినా అలారాన్ని కంటైనర్‌లో పరీక్షించిందే తప్ప వంటింట్లో పెట్టి చూడాలని తట్టలేదు. ఇంత అనుభవం ఉండి ఏం లాభం!

"మా అపా అయితే శాపనార్థాలు పెట్టింది, ఎజె" అంది బక్తిగుల్. అపా అంటే ఆమెని పెంచుతున్న నానమ్మ సోనున్‌బుబు. "తాత వాసన చూద్దామని వస్తే పోలీసులా అరిచి తరిమేస్తావా అని బ్యాటరీ లాగేసి రేడియోలో పెట్టుకుంది."

పిల్లలు పగలబడి నవ్వారు. ఒకడు సలహా ఇచ్చాడు. "అది అరిచే హద్దు పెంచేద్దాం ఎజె. అంత తొందరగా అరవదు."

"పెంచు. అప్పుడు బొగ్గు గాలికీ అరవదు. మీ ఇంటిల్లిపాదీ హాయిగా పడుకోవచ్చు, మళ్లీ లేచే పని కూడా ఉండదు."

బక్తిగుల్ పెన్సిల్ కొరుకుతూ ఆలోచించింది. "ఒక మీట పెడితే? నొక్కితే ఇరవై నిమిషాలు నోరు మూసుకుంటుంది. వేయించేటప్పుడు మనుషులు మెలకువగానే ఉంటారుగా, తలుపు తీసి పెట్టుకోవచ్చు. తర్వాత దానంతటదే మేలుకుంటుంది."

రెండు రోజుల్లో మీట తయారైంది. గురువారం మధ్యాహ్నం బురుల్ బక్తిగుల్‌ని వెంటబెట్టుకుని సోనున్‌బుబు ఇంటికి వెళ్లింది. ముసలామె పిండి కోస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"ఆ అరుపుల డబ్బా మళ్లీ తెచ్చావా? చాయ్ తాగి వెళ్లు. అది మాత్రం నా గోడకి వద్దు."

"ఇప్పుడు అరవదు అపా. మీట పెట్టాం" అంది బురుల్.

"యాభై ఏళ్లుగా పొయ్యి రాజేస్తున్నాను. నాకే నేర్పొచ్చావా? మీ ఆయన పోయాడని అందరూ పోతారా ఏంటి? ఆ రోజు ఎవడో బుద్ధిలేనివాడు తొందరపడి రేకు మూసుంటాడు."

"నేనే మూశాను."

కత్తి ఆగింది.

బురుల్ గొంతు మామూలుగానే ఉంది. "ఆయనకి జ్వరం, చలికి వణుకుతున్నాడు. వెచ్చగా ఉంటుందని రేకు మూసి బజారుకి పోయాను. నిప్పులు ఎర్రగానే ఉన్నాయి, చూశాను కూడా. వచ్చేసరికి అంతా అయిపోయింది. పన్నెండేళ్లయింది, ఎవరికీ చెప్పలేదు." చెప్పేశాక ఆమెకి ఒళ్లంతా సిగ్గేసింది, ఆ వెంటే ప్రాణం తెరిపిన పడింది. పిల్ల ముందు చెప్పానే అని అప్పుడు గుర్తొచ్చింది. బక్తిగుల్ నేల చూపులు చూస్తోంది.

సోనున్‌బుబు లేచింది. రేడియో వెనక మూత తీసి, బ్యాటరీ మనవరాలి చేతిలో పెట్టింది.

అలారం గోడకెక్కింది. బక్తిగుల్ తలుపు తీసి మీట నొక్కింది. నూనె కాగింది, బోర్సోక్ ఎర్రగా వేగాయి, అలారం కిక్కురుమనలేదు. "ఫర్వాలేదే, మర్యాద నేర్చింది" అని ముసలామె మూకుడు దింపి, చలిగాలి కొడుతోందని తలుపేసింది. ముగ్గురూ చాయ్‌కి కూర్చున్నారు.

ఇరవై నిమిషాలూ దాటి, రెండో గిన్నె చాయ్ తాగుతుండగా అలారం గీపెట్టింది.

"చూశావా దీని బుద్ధి! మూకుడు దింపి ఎంతసేపైంది!" అని సోనున్‌బుబు కసిరింది.

బక్తిగుల్ అలారం వైపు వెళ్లలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్లింది. లోపల నిప్పులు కణకణలాడుతున్నాయి. అడ్డురేకు పూర్తిగా మూసి ఉంది.

"అపా, ఇది నువ్వే మూశావు."

"నేనెక్కడ..." అని ముసలామె ఆగిపోయింది. మూకుడు దింపుతూ, వేడి పోకూడదని, యాభై ఏళ్ల అలవాటు కొద్దీ చేయి దాని పని అది చేసేసింది. ఆమెకి తెలియను కూడా తెలియలేదు. పిల్ల రేకు తెరిచి, తలుపు బార్లా తీసింది. కాసేపటికి అరుపు ఆగింది.

సోనున్‌బుబు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత బోర్సోక్ పళ్లెం దగ్గరికి లాక్కుని, దోసిలి పట్టి, పోయినవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. భర్త పేరు చెప్పింది. కొడుకు పేరు చెప్పింది. చివర్న, "కుబాత్‌కి కూడా" అంది.

పన్నెండేళ్లలో ఆ పేరు ఇంకో ఇంట్లో, ఇంకొకరి నోట వినడం బురుల్‌కి అదే మొదలు. "ఓమిన్" అని ప్రార్థన ముగించి మొహం తుడుచుకోవడానికి ఎత్తిన అరచేతుల్ని ఆమె చాలాసేపు దించలేదు.

"వచ్చే గురువారం ఇక్కడికే రా" అంది సోనున్‌బుబు, ఆమె గిన్నెలో చాయ్ పోస్తూ. "ఒక్కదానివే కూర్చుని వేయించుకోకు. ఆ రేకు మూసిన చేయి ఇప్పుడు నాక్కూడా ఉంది."