ముగ్గురు మెర్సీలు

ఆ శనివారం ఉదయం టపాలో డైపర్ల ఉచిత నమూనా వచ్చింది. పొట్లం మీద "బేబీ గర్ల్" అని, పక్కనే మా ఇంటిపేరు. మా పాప పోయి అప్పటికి ఆరు వారాలు. తొమ్మిది రోజులు బతికింది. మా ఇంట్లో ఇరవై ఒకటో రోజున పేరు పెడతారు కనుక ఆసుపత్రి కాగితాల్లో ఆ రెండు మాటలే ఉండిపోయాయి. పసిబిడ్డ కనుక దహనం చెయ్యకుండా పూడ్చాము. రాయి మీద ఏం చెక్కాలో ఆ రోజు మూడింటిలోగా చెప్పాలని శ్మశానం ఆఫీసు గడువు. నేను అనుకున్న పేరు ఒకటుంది. ఇవ్వాలా వద్దా అన్నదే తేలలేదు. మా వారు "నీ ఇష్టం" అని ఊరుకున్నారు.

మూడు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండ్ నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో స్థిరపడిన ఒక రైతు కుటుంబం గురించి లైబ్రరీలో చదివాను. వాళ్ళకూ పసిపిల్లలు పోయారు. వాళ్ళ రాళ్ళ మీద ఏం రాసుకున్నారో చూడాలనిపించింది. నాకు డ్రైవింగ్ రాదు. పై అంతస్తులో ఉండే సరళ ఆంటీ తీసుకెళ్తానన్నారు. తొమ్మిదింటికి జెర్సీ సిటీలో బయలుదేరి, టర్న్‌పైక్ హైవే మీద రిఫైనరీల వాసన దాటుకుంటూ గంటలో చేరాము. ఆ కుటుంబం ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, శనివారం పది నుంచి పన్నెండు వరకే తెరుస్తారు. టికెట్ ఒక డాలర్.

తల వంచుకుని వెళ్ళాల్సిన గది, మసిపట్టిన పొయ్యి. ఇల్లు చూపించే ముసలావిడ ఆ ఇంటి బైబిల్లో పిల్లల తండ్రి రాసుకున్న పుట్టుకల పేజీ చూపించింది. అందులో మెర్సీ అనే పేరు మూడుసార్లు ఉంది.

"ఒక మెర్సీ పోతే, తర్వాత పుట్టిన పాపకి అదే పేరు పెట్టేవారు. అప్పటి అలవాటు," అంది.

"మూడో మెర్సీ?"

"నాలుగేళ్ళు బతికింది, డియర్."

ఇంటి వెనకే సమాధులు. తండ్రికి నిలువెత్తు రాయి. ముగ్గురు ఆడపిల్లలకీ కలిపి మోకాలెత్తు రాయి ఒకటే, దాని మీద పేరు ఒక్కసారే. ఏ మెర్సీ ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు.

"చూశావా, పేరు వేస్ట్ చెయ్యలేదు," అన్నారు సరళ ఆంటీ. "నువ్వూ దాచుకో అమ్మాయ్, నెక్స్ట్ పాపకి పనికొస్తుంది. మనవాళ్ళు ఇంకా గట్టివాళ్ళులే. మా మేనత్తకి ముందు ముగ్గురు పోయారట. ఈవిడ పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చేటెడు నూకలకి కొనుక్కుని, పెంటమ్మ అని పెట్టారు. యముడు పేరు విని ముక్కు మూసుకుని పోయాడు! ఎనభై ఏళ్ళు మా అందర్నీ సతాయించింది."

నన్ను నవ్వించాలని చెప్పారు. నవ్వాను.

"తన పేరు తనకే ఉంచితే, ఆంటీ?"

"మరి తర్వాత దానికేం పెడతావ్?"

నేను కారు వైపు నడిచాను.

తిరుగు దారిలో ఆ పిల్లల గురించే ఆలోచించాను. తండ్రి భూములు, దస్తావేజులు, కొడుకులు అన్నీ నేను చదివిన లైబ్రరీ పుస్తకంలో విడివిడిగా ఉన్నాయి. ఆ ఆడపిల్లలకు మాత్రం పేరు కూడా సొంతం కాలేదు. ఓదార్పు దొరుకుతుందని వెళ్ళాను, దొరకలేదు. మీరు వెళ్తే తెరవగానే వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే ఆ అక్షరాలు కనిపిస్తాయి, మధ్యాహ్నానికి రాయి బోసిగా ఉంటుంది.

రెండున్నరకు శ్మశానం ఆఫీసులో ఫారం తీసుకుని "మైథిలి" అని రాశాను. ఆంటీ నా భుజం మీంచి చూసి, "అయ్యో, వాడేశావా!" అన్నారు.

పాప పుట్టిన రోజునే డాక్టర్లు నా గర్భసంచి తీసేశారు.