పిల్ల లేస్తాంది

ఎనభైల మొదట్లో, వరంగల్‌లో మా వాడకట్టు ఆడవాళ్లు మధ్యాహ్నాలు ఒక అరుగు మీద చేరి బీడీలు చుట్టేవారు. వాళ్లలో ఒక అక్క మాత్రం చుట్టేది కాదు, వారపత్రికలో వచ్చే దయ్యాల సీరియల్ పైకి చదివేది. ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు తలా కొన్ని చుట్టి పెట్టేవారు. నేను ఆమె మోకాలికి ఆనుకుని కూర్చునేదాన్ని.

రక్తం తాగే జమీందారు, పున్నమికి తోడేలయ్యే అతని తమ్ముడు, వాళ్ల బంగళాలో చిక్కిన కాలేజీ పిల్ల. ఆ పిల్ల కింద పడిందంటే అందరి చేతులూ ఆగిపోయేవి. అక్క వేలు తడి చేసుకుని, పేజీ తిప్పకుండానే అనేది: “జర ఆగుండ్రి, పిల్ల లేస్తాంది.”

పిల్ల లేచేది. నడుముకు దోపుకున్న, బీడీ ఆకు కోసే కత్తెర తీసి తోడేలు మీదికి పోయేది.

“కాలేజీ పిల్లకు బీడీల కత్తెర ఎక్కడిదే?” అని మా అమ్మ ఒకసారి అడిగింది.

“మరి ఉత్త చేతులతోని పోతదా చిన్నమ్మా?” అంది అక్క, తల ఎత్తకుండా.

తర్వాత ఆమె పెళ్లయి నెక్కొండ వెళ్లిపోయింది. కొన్నేళ్లకు అదే సీరియల్ నవలగా అద్దె పుస్తకాల షాపులో కనిపించింది. అక్క గొంతు మళ్లీ వినాలన్న ఆశతోనే తెచ్చుకున్నాను. అందులో పిల్ల పడిన ప్రతిసారీ మూర్ఛపోతుంది, ఎవరో ఇన్‌స్పెక్టర్ వచ్చి ఎత్తుకుపోతాడు. కత్తెర ఊసే లేదు.

ఆ పేజీలో వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పిల్ల కిందే పడి ఉంది. లేపడానికి అక్క లేదు.