నా పేరు తుడిచేసిన క్యాలెండరు

మా ఓనరు మీద నాకు పగ పుట్టింది ఒక క్యాలెండరు వల్ల. నవ్వకండి.

అనకాపల్లిలో బెల్లం కొట్ల పైన, మేడ మీద మా ఆఫీసు. కళ్యాణ మండపాలకి వెబ్‌సైట్లు చేసేవాళ్ళం. పెళ్ళివాళ్ళు ఫోన్లో తేదీ చూసుకుని హాలు బుక్ చేసుకోవాలి. అలాంటి క్యాలెండర్లు ఎవరో రాసిపెట్టినవి ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, తెచ్చి మన పేజీలో తగిలించుకోవడమే. ఓనరు ఒకటి తెచ్చేడు. నేను దాని లైసెన్సు చదివేను. ఊరికే చూసుకోడానికి ఉచితం, వ్యాపారానికైతే కొనుక్కోవాలని ఉంది. అదే చెప్తే, "లైసెన్సేటమ్మా, మనమేటి లారీ నడుపుతున్నామా? ఎవడు సూత్తాడు?" అని నవ్వేడు.

పైగా మూఢమెప్పుడో, ఆషాఢమెప్పుడో తెలీని క్యాలెండరు పెళ్ళి హాలుకి ఎందుకు? ఈ ఉద్యోగంలో చేరకముందే ఇంట్లో, నా సొంత ల్యాప్‌టాప్‌లో నేనొక తెలుగు క్యాలెండరు రాసేను. అచ్చు పంచాంగం చూసి ఎక్కించడం ఇంకొకరి కష్టం ఎత్తుకురావడమే కదా. అందుకే రావికమతం వెళ్ళి ఒక సిద్ధాంతి గారిని అడిగి, ఆయన గుణించిన తిథులూ ముహూర్తాలూ ఆయన అనుమతితోనే పెట్టేను. ఏటా ఉగాదికి కొత్తవి ఇస్తానన్నారు. ఆ క్యాలెండరు ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకటే షరతు: అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నా పేరు తీయకూడదు, తీస్తే వాడుకునే హక్కు పోతుంది. ఓనరుకి ఇది చదివి వినిపించి మరీ ఇచ్చేను. "ఓస్, దానికేటి" అన్నాడు.

ఊళ్ళో ఒక మండపం సైటులో ఆ క్యాలెండరు పెట్టేం. మా అమ్మ చెరుకు పొలంలో తోటి ఆడవాళ్ళకి ఫోన్లో ఆ సైటు తీసి ఆ పేరే చూపించేది. "మా అమ్మాయి సేసింది" అని.

ఆ మండపం యజమాని మా ఓనరుకి బావ వరస. హాల్లో చుట్టాలందరినీ కూర్చోబెట్టి వెబ్‌సైట్ చూపించేం. "అబ్బ, ఎంత బాగుంది! ఎవరు సేసేరు బావా?" అన్నాడాయన. "నేనే. ఈ అమ్మాయి టైపింగు సూసుకుంటాది" అన్నాడు మా ఓనరు, నేను పక్కన నిలబడి ఉండగానే. అడుగున చూద్దును కదా, నా పేరు లేదు. మా ఓనరుది ఉంది. ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి అడిగితే, "అంత చిన్న లైనుకి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు.

ఆ సాయంత్రం మా అమ్మ ఫోన్ పట్టుకొచ్చి, "నీ పేరు ఏదే?" అని అడిగింది. మర్నాడే ఉద్యోగం మానేసేను. వాడి నోటితోనే నా పేరు చెప్పించకపోతే చూడు అనుకున్నాను.

కోర్టుల చుట్టూ తిరగలేదు. సిద్ధాంతి గారిచ్చిన కొత్త ఏడాది ముహూర్తాలు అందులో ఎక్కించకుండా ఊరుకున్నాను, అంతే. పంచాంగం ఏడాదికేనని మా ఓనరుకి తట్టనే లేదు. తారీఖులు వాటంతటవే నడుస్తాయి కాబట్టి ముహూర్తాలూ నడుస్తాయనుకున్నాడు. ఉగాది దాటేక ఏ నెల తిప్పినా ఖాళీ గళ్ళే. పెళ్ళివాళ్ళు మండపానికి ఫోన్లు, మండపం వాళ్ళు మా ఓనరుకి ఫోన్లు. ఆ కబుర్లు నా చెవిన పడుతుంటే కడుపు చల్లబడింది. నిజమే చెప్తున్నాను, హాయిగా ఉండేది.

చివరికి మా ఇంటికే వచ్చేడు. "కొత్త డేటా పెట్టమ్మా. నీ పేరు కూడా పెట్టేత్తాను."

"పేరు పెట్టడం పాత షరతు. కొత్త ఏడాది డేటాకి కొత్త లైసెన్సు" అన్నాను. "ఆ హాల్లోనే, ఆ మనుషుల ముందే, ఎవరు చేసేరో మీ నోటితో మీరు చెప్పాలి. మా అమ్మ కూడా వస్తుంది."

మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు?

అమ్మ వెనక వరసలో కూర్చుంది. మా ఓనరు లేచి, తలొంచుకుని, నా పేరు చెప్పి, క్యాలెండరు మొత్తం ఈ అమ్మాయే చేసిందని గొణిగేడు. "మరి నువ్వు సేసిందేటి బావా?" అన్నాడు మండపం యజమాని. మా ఓనరు చెవులు ఎర్రబడ్డాయి. చూసి జాలి పడాలేమో. నాకు పిసరంత కూడా వెయ్యలేదు.

"వెనకవాళ్ళకి వినబళ్ళేదు సార్," అన్నాను. "ఇంకోసారి చెప్పండి."