మేకు కొట్టనివ్వని గోడ

వన్ టౌన్‌లో మా వీధి ఇళ్ళన్నీ పెళ్ళిబంతిలో కూచున్నోళ్ళలాగ భుజాలు ఆనించుకుని ఉంటాయి. మొదటి ఇల్లు ఎవరో వర్తకుడు నాలుగు గోడలతో దర్జాగా కట్టాడట. ఆ పక్కవాడు మహా తెలివైనోడు. మూడే కట్టి, నాలుగోదానికి వర్తకుడి గోడలోనే దూలాలు దోపేశాడు. అతన్ని చూసి ఆ పక్కవాడు. వీధి అలా పెరిగింది. ఇప్పుడు ఎవర్నడిగినా "గోడ మాదే, పక్కోళ్ళే ఆనుకున్నారు" అంటారు. సిగ్గుండాలి కదా!

అందరికన్నా గట్టిగా అనేది మా నాన్న. ఆదివారం చర్చిలో పొరుగువాణ్ణి ప్రేమించాలని విని, తలూపి, ఇంటికొచ్చి గోడకి చెవి పెట్టేవాడు, అవతల ఎవరైనా మేకు కొడుతున్నారేమోనని. పక్కింటి అత్త ప్రతి జనవరిలోనూ అడిగేది.

"అన్నయ్యగారూ, కేలండరుకి ఒక్క మేకు కొట్టుకుంటాను."

"గానుగ సున్నం గోడమ్మా, మా తాత కట్టించాడు. బీటలిచ్చేత్తాది."

పాపం, ఆ కేలండరు కిటికీ ఊచకే వేలాడేది. పోర్టు బొగ్గు దుమ్ముకి ఉగాదిలోపే తేదీలు కనపడేవి కావు.

మొన్న వేసవిలో అత్తావాళ్ళు పాత పెంకుటిల్లు తీసేసి డాబా మొదలెట్టారు. మా నాన్న గోడకి కాపలాగా కుర్చీ వేసుకు కూచున్నాడు. మేస్త్రీ మూల దగ్గర సున్నం గీకి చూసి పలుగు కింద పెట్టేశాడు.

"పెద్దాయనా, ఈ గోడ ఇటుకలు ఈళ్ళ ముందుగోడతో అల్లుకునున్నాయి. మీ ముందుగోడకి వట్టి ఆనుడే. గోడ ఈళ్ళది, దూలాలు మీవి. ఇది తీసేత్తే మీ ఇల్లు కూలిపోద్ది."

మా నాన్న కుర్చీలోంచి లేచి ఆ మూల తడిమి చూశాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మా ఇంట్లోకి తొంగి చూశాను. ఆ దూలాల కిందే మా అమ్మ వంట చేస్తోంది.

అత్త గోడనీ, మా నాన్ననీ ఒకసారి చూసింది. "గోడ అలాగే ఉంచీ బాబూ. పిల్లర్లు ఇవతలకి ఏసుకుందాం" అంది. అసలే చిన్న ఇల్లు, అందులో మూరెడు జాగా మాకోసం పోయింది.

డాబా పూర్తయింది, కొత్త సంవత్సరం వచ్చింది. ఈసారి మేకు అడగడానికి ఎవరూ రాలేదు. మా నాన్నే సుత్తీ, మేకూ, కేలండరూ పట్టుకుని వెళ్ళాడు.

"సెల్లెమ్మా, గోడ నీదే. ఎక్కడ కావాలో సెప్పు, నానే కొడతాను."

అత్త కేలండరు తీసుకుని కిటికీ ఊచకే తగిలించింది.

"వద్దన్నయ్యగారూ, మీ దూలం అదురుతాది."