రౌటర్‌ను కాదని రమ్మీ చూపించిన టీవీ

మదనపల్లెలో మేం నడిపే చదువుగదికి ఈ రోజు నెట్ పోయేదే. జూదం ప్రకటనలు రాకుండా రౌటర్‌లో వడపోసే డిఎన్ఎస్ పెట్టుకున్నాం. ఏ సైటు ఎక్కడుందో పరికరాలు దాన్నే అడగాలి; జూదం సైట్ల చిరునామా అది చెప్పదు. పొద్దున టమాటా ధరల కోసం టీవీ పెడితే, పిల్లల ముందే రమ్మీ ప్రకటన! టీవీ మా డిఎన్ఎస్‌ను వదిలేసి, తన కంపెనీ పెట్టినదాన్ని అడుగుతోంది. డబ్బులు మావి, పెత్తనం వాళ్లది!

గది ఇచ్చిన రెడ్డెప్ప మండిపడ్డాడు. "నెట్ పీకేయప్పా! పిల్లోళ్లు సెడిపోతాండారు."

డిగ్రీ చదివే రేణుక ఊరుకోలేదు. "పీకేస్తే మేము పరీక్షలకు యాడ సదవల్ల? నెట్ లేని కాలంలో నువ్వు పేకాట ఆడలేదా పెదనాయనా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా.

బయటి డిఎన్ఎస్‌లకు వెళ్లే దారిని రౌటర్‌లోనే మూసేశాం. టీవీ లొంగింది. బ్రౌజర్లు మాత్రం 'సురక్షిత డిఎన్ఎస్' పేరుతో ఇంకా మా వడపోతను దాటిపోతుంటే, రేణుకా, ఆమె స్నేహితురాళ్లూ ప్రతి కంప్యూటర్లోనూ ఆ సెట్టింగు ఆపేశారు.

సాయంత్రం రెడ్డెప్ప రేణుకను మెల్లగా అడిగాడు: "మా ఇంటి టీవీకి కూడా చేసిపెడతావామ్మా?"

ఒక ఇల్లు దారికొచ్చింది. మీ ఇంట్లో పెత్తనం ఎవరిదో చూసి చెప్పండి.